మూడు నెలలుగా బీరువాలోనే ఉన్న చిలకపచ్చ పాంటు.. వేసుకునే ధైర్యం ఎలా వస్తుంది?

హుడీపిల్ల:

అందరికీ హాయ్. ఇలాంటి ప్రశ్న ఇక్కడ అడగొచ్చో లేదో తెలీదు, అడిగేస్తున్నా. నాకు 16 ఏళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచి నావి రెండే రంగులు, నలుపూ బూడిదా. హుడీ, జీన్స్, అంతే. క్లాసులో అందరికంటే పొడుగు నేనే, అసలే కనబడతా, ఇంకా ఎందుకు కనబడ్డం అని భుజాలు వంచుకుని గోడపక్కన కూర్చునే రకం.

మూడు నెలల కింద ఏం పుట్టిందో ఏమో, షాపులో ఒక పాంటు మీద కన్ను పడింది. చిలకపచ్చ. నడుము బాగా పైకి, కింద గొడుగులా వెడల్పు. ట్రయల్ రూమ్‌లో వేసుకుని అద్దంలో చూసుకుంటే ఇది నేనేనా అనిపించింది, నా పొడుగు నాకు నచ్చడం అదే ఫస్ట్ టైమ్, ఒట్టు. కొనేశా. ఇంటికొచ్చాక బీరువాలో పెట్టేశా, ఇంతవరకు ట్యాగ్ కూడా తీయలేదు.

ఒక్కసారి మాత్రం ట్యాగ్ లోపలికి దోపుకుని గేటు దాకా వెళ్లా. ఎదురింటావిడ చూసింది. ఏమీ అనలేదు, ఊరికే చూసింది. అంతే, వెనక్కి పరిగెత్తి మార్చుకుని హుడీ తగిలించుకుని వెళ్లేసరికి బస్సు కూడా పోయింది. ఫోటో తీసి ఫ్రెండ్‌కి పంపితే "ఏంటే ఇది, కర్టెన్ కట్టుకున్నావా" అని నాలుగు నవ్వే ఎమోజీలు పెట్టింది. సరదాకే అంది, నాకు తెలుసు, కానీ ఇప్పుడు ఆ పాంటు చూస్తే నాకూ కర్టెనే కనబడుతోంది.

అందరూ "కాన్ఫిడెంట్‌గా ఉండు, ఎవరేమనుకుంటే నీకేంటి" అంటారు, ఎలా ఉండాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. కాన్ఫిడెన్స్ వచ్చాక వేసుకోవాలా, వేసుకుంటే వస్తుందా? మీరెవరైనా ఇలాంటిది దాటి వచ్చారా?

కుట్టుమిషన్_అక్క:

చెల్లీ, ముందు కత్తెర తీసుకుని ఆ ట్యాగ్ కత్తిరించు, తర్వాత మాట్లాడుకుందాం.

నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని ఆల్టరేషన్లు చేస్తా. నీ ఈడు పిల్లలు చాలామంది వస్తారు. వాళ్లని చూసీ చూసీ నాకర్థమైంది ఏంటంటే, కొత్తరకం బట్టలేసుకున్నప్పుడు పడే సిగ్గులో సగం జనం వల్ల కాదు, ఆ బట్ట వల్లే. నడుము జారుతుంటే పైకి లాక్కోవడం, చంకలో పట్టేస్తుంటే చెయ్యి ఎత్తకపోవడం, ఇలా సర్దుకుంటూ ఉన్నంతసేపూ మన ధ్యాస దాని మీదే ఉంటుంది, అలా సర్దుకునే మనిషిని పక్కవాళ్లు కూడా చూస్తారు, అప్పుడు మనం "చూశావా, బాలేదు అందుకే చూస్తున్నారు" అనుకుంటాం.

నా సంగతే చెప్తా. నాకు 15 ఏళ్లప్పుడు మా నాన్న చొక్కా, ఇంతింత పూలున్నది, నడుం దగ్గర ముడేసుకుని ఒక బర్త్‌డే పార్టీకి వెళ్లా. నా దృష్టిలో అప్పుడు నేను సినిమా స్టార్‌ని. వెళ్లిన పది నిమిషాలకి తెలిసింది, చెయ్యెత్తితే ముడి ఊడిపోతోంది. ఇంక ఆ సాయంత్రం మొత్తం ఒక చెయ్యి పొట్ట మీదే. ఫోటోలు అన్నిట్లోనూ అలాగే ఉన్నా. అందరూ నా చొక్కానే వింతగా చూస్తున్నారని కుమిలిపోయి ఇంటికొస్తే, మా పిన్ని పక్కకి పిలిచి "కడుపునొప్పా, నెల వచ్చిందా" అని అడిగింది. చొక్కా సంగతి ఆవిడ అసలు పట్టించుకోనే లేదు! ఒక్క బటన్ కుట్టుకుని ఉంటే ఆ రోజు రాణిలా తిరిగేదాన్ని.

కాబట్టి బయటికి వెళ్లేముందు ఇంట్లో ఒక సాయంత్రం మొత్తం ఆ పాంటుతోనే ఉండు. హోంవర్క్ చేసుకో, నేల మీద కూర్చుని లే, కిందపడిన పెన్ను వంగి తియ్యి. మెట్లు ఎక్కు, దిగు. వెడల్పు పాంటుకి అసలు పరీక్ష మెట్లు దిగేటప్పుడే, అంచు మడమ కిందకి వెళ్లిందా బొక్కబోర్లా పడతావు. వెనకనుంచి ఎలా ఉందో అద్దంలో మెడ తిప్పుకుని చూడకు, ఫోన్ ఎక్కడైనా ఆనించి వీడియో పెట్టుకుని అటూ ఇటూ నడువు.

పొడవు కొలిపించుకునేటప్పుడు ఏ షూస్ వేసుకుంటావో అవే వేసుకుని నిలబడు. ఉత్తి కాళ్లతో కొలిపించుకుని తర్వాత షూస్ వేసుకుంటే చీలమండ పైకి ఎక్కి కూర్చుంటుంది, అప్పుడు ఏ టైలరూ ఏం చేయలేరు, లోపల మడత ఉంటే తప్ప. మడమ వెనక అంచు నేలకి ఓ సెంటీమీటరు పైన ఆగితే చాలు. నడుం దగ్గర రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరితే లూజు. ఆ లూజు తగ్గించుకోవడం అరగంట పని, భయపడకు. (ఇంకెప్పుడైనా కోటు లాంటిది కొనాలనిపిస్తే భుజం కుట్టు నీ భుజం అంచు మీదే పడుతుందా చూసుకో, నడుమూ పొడవూ సరిచేస్తాం గానీ భుజం మార్చాలంటే చేతులు మొత్తం ఊడదీయాలి, ఆ పనికి నేనే దండం పెట్టేస్తా.)

ఇంకొకటి, పాంటు మీదకి నీ పాత బూడిద హుడీయే వేసుకో. నవ్వకు. ఒంటి మీద ఒక్కటే కొత్తది ఉండాలి, మిగతావన్నీ నీకు బాగా అలవాటైనవి. పైనుంచి కిందదాకా కొత్తగా వెళ్తే వేషం వేసినట్టుంటుంది నీకే.

వెనకబెంచి_బాబు:

ఒక అబ్బాయిగా నిజం చెప్పనా, నిన్న మా క్లాసులో ఎవరు ఏం వేసుకొచ్చారో గుర్తు తెచ్చుకుందామని ఇప్పుడు ఐదు నిమిషాలు ఆలోచించా. ఒక్కరిదీ గుర్తు రాలేదు. నేనేం వేసుకున్నానో కూడా డౌటే.

సైకాలజీ_సెకండియర్:

పైన బాబు సరదాకి చెప్పినా దాని మీద పెద్ద ప్రయోగమే ఉంది. థామస్ గిలోవిచ్ అని అమెరికాలో సైకాలజిస్టు, ఆయనా ఇంకో ఇద్దరూ కలిసి 2000లో అచ్చువేశారు. కాలేజీ స్టూడెంట్ ఒకరికి బ్యారీ మానిలో అనే గాయకుడి మొహం పెద్దగా ఉన్న టీషర్ట్ వేయించారు, ఆ వయసు వాళ్లకి అది వేసుకోవడం అంటే తలకొట్టేసినట్టే, వేయించి మిగతా స్టూడెంట్లు కూర్చున్న గదిలోకి పంపించారు. బయటికొచ్చాక "మీ టీషర్ట్ మీద ఎవరున్నారో ఎంతమంది గమనించి ఉంటారు" అని అడిగితే దాదాపు సగం మంది గమనించి ఉంటారు అన్నారు. తీరా గదిలో వాళ్లని అడిగితే సుమారు పావు వంతే చెప్పగలిగారు. దీన్నే స్పాట్‌లైట్ ఎఫెక్ట్ అంటారు, లైట్ మన మీదే పడుతోందని మనకి అనిపించడం.

ఇంతవరకూ అందరూ చెప్తారు. నాకు నచ్చింది అదే పేపర్లో ఇంకో ముక్క. టీషర్ట్ వేసుకోగానే లోపలికి పంపకుండా కాసేపు దానితోనే ఉంచి, అలవాటు పడ్డాక పంపిస్తే, అప్పుడు వాళ్లు వేసిన అంచనా తగ్గింది. టీషర్ట్ అదే, గది అదే, మారింది తల లోపల సౌండే. అక్క చెప్పిన "ఇంట్లో ఒక సాయంత్రం" సరిగ్గా ఇదే, ఆవిడకి కుట్టుమిషన్ దగ్గర తెలిసింది, మాకు క్లాసులో చెప్పారు, అంతే తేడా.

నీ వయసులో ఇది ఇంకా ఎక్కువ. డేవిడ్ ఎల్కిండ్ అనే ఇంకో అమెరికా సైకాలజిస్టు 1967లోనే రాశాడు, టీనేజ్ పిల్లలు ఎప్పుడూ ఎదురుగా ప్రేక్షకులు కూర్చుని తమనే చూస్తున్నట్టు ఊహించుకుంటారని. తమాషా ఏంటంటే మీ క్లాసులో ప్రతి ఒక్కరూ ఎవరి స్టేజీ మీద వాళ్లే ఉన్నారు, చూడ్డానికి కింద ఎవరూ మిగల్లేదు.

అయితే ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. పావు వంతు అంటే సున్నా కాదు. కొంతమంది చూస్తారు, చిలకపచ్చ కదా, చూస్తారు. ఒకరిద్దరు ఏదో అంటారు కూడా. "ఎవరూ చూడరులే" అని వెళ్తే మొదటి కామెంట్‌కే కూలిపోతావు. "ఒకరిద్దరు అంటారు" అనుకుని వెళ్లు.

ఇంకా "ఈ డ్రెస్ వేసుకుంటే కాన్ఫిడెన్స్ దానంతటదే వస్తుంది" అని వీడియోల్లో చెప్పేవాళ్లని మరీ నమ్మకు. 2012లో ఒక పేపర్ వచ్చింది, డాక్టర్ కోటు అని చెప్పి తెల్లకోటు వేయిస్తే శ్రద్ధ పెరిగిందని, అది తెగ పాపులర్ అయింది. 2019లో వేరేవాళ్లు ఎక్కువమందితో మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. బట్టకి మంత్రం ఏమీ లేదు, నా ఉద్దేశంలో. వేసుకుని వెళ్లావు, రోజు గడిచింది, ఏమీ కాలేదు, ఆ "ఏమీ కాలేదు" అనేది పోగుపడాలి. అందుకే ఒక్కసారి వేసుకుని వదిలేస్తే లాభం లేదు, రెండోసారి వేసుకోవడం ముఖ్యం.

సాదాసీదా:

నేను కొంచెం అడ్డం మాట్లాడతా, ఏమనుకోకండి. ఆడపిల్లకి కాన్ఫిడెన్స్ అనగానే అందరూ బట్టల దగ్గరికే ఎందుకు వెళ్తారు? నాకు 19. నాలుగు బూడిదరంగు టీషర్టులు, రెండు పాంట్లు, అవే తిప్పి తిప్పి వేసుకుంటా. డిబేట్లలో స్టేజీ ఎక్కి మాట్లాడతా, ప్రైజులు కూడా వచ్చాయి, ఎవరూ నా టీషర్ట్ వల్ల మార్కులు తగ్గించలేదు. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి "బోల్డ్ ఫ్యాషన్" అని ప్రతివారం కొత్తవి కొనేది, ఒక్కసారి ఫోటోలకి వేసి మూలన పడేసేది, ఎవరూ లైక్ కొట్టకపోతే ఆ రోజంతా మాట్లాడేది కాదు. అది ధైర్యమా? నాకైతే దానికంటే నీ హుడీ నయం. నిజంగా ఆ పాంటు నచ్చిందా, లేక హుడీ అమ్మాయిలు పిరికివాళ్లని ఎవరో చెప్తే నమ్మి కొన్నావా, అది ముందు చూసుకో.

హుడీపిల్ల:

సాదాసీదా గారూ, మీరడిగింది రాత్రంతా ఆలోచించా. హుడీ నాకు నిజంగానే ఇష్టం, చలికాలం అయితే ఇంకా. కానీ నేను దాన్ని ఇష్టంతో వేసుకున్న రోజులున్నాయి, దాక్కోడానికి వేసుకున్న రోజులున్నాయి, రెండూ ఒకటి కాదు. మే నెల ఎండలో హుడీ వేసుకుని చెమటలు కక్కుకుంటూ కూర్చున్నా నేను, అది ఇష్టం కాదు కదా. పాంటు మాత్రం ఎవరూ చూడకపోయినా నచ్చింది. ట్రయల్ రూమ్‌లో ఎవరూ లేరు.

సాదాసీదా:

అయితే నా కంప్లైంట్ వాపసు. వేసుకో.

పాతపేపర్లు:

పాంటు గురించి భయం అంటే నవ్వొచ్చింది, నీ మీద కాదు తల్లీ, పాంటు చరిత్ర మీద. పారిస్‌లో 1800లో పోలీసు ఆర్డర్ ఒకటి వచ్చింది, ఆడవాళ్లు మగవాళ్లలా బట్టలు వేసుకోవాలంటే పోలీసుల దగ్గర పర్మిషన్ తీసుకోవాలని. తర్వాత 1892లో, 1909లో కొంచెం సడలించారు, ఎలాగో తెలుసా, చేతిలో సైకిల్ హ్యాండిల్ గానీ గుర్రం కళ్లెం గానీ ఉంటే పాంటు వేసుకోవచ్చట! అంటే సైకిల్ దిగి నాలుగడుగులు నడిస్తే తప్పన్నమాట. ఎవరూ అమలు చేయకపోయినా ఆ ఆర్డర్ కాగితాల మీద అలా పడే ఉంది, ఇక చెల్లదని ప్రభుత్వం చెప్పింది 2013లో. నువ్వు అప్పటికే పుట్టి ఉంటావు.

ఇంకొకావిడ, అమీలియా బ్లూమర్, అమెరికాలో పత్రిక నడిపేది. 1851లో పొట్టి స్కర్టు కింద వదులు పాంటు వేసుకుని, అదే బాగుందని పత్రికలో రాసింది. ఆ పాంటుకి ఆవిడ పేరే పడిపోయింది, బ్లూమర్స్ అని. కార్టూన్లు వేశారు, వీధిలో ఎగతాళి చేశారు. కొన్నేళ్లు వేసుకుని మళ్లీ పొడుగు స్కర్టులకి వెళ్లిపోయింది, మన మాటలు వినకుండా అందరూ మన బట్టలే చూస్తున్నారని అప్పటి ఆడవాళ్ల హక్కుల ఉద్యమంలో చాలామంది విసిగిపోయారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఒకరోజు ఓపిక లేక నువ్వు హుడీలోకి వెళ్లిపోయావనుకో, ఓడిపోయినట్టేం కాదు. బ్లూమర్ కూడా మార్చుకుంది.

వెనకబెంచి_బాబు:

అంటే ఇప్పుడు సైకిల్ తీసుకుని వెళ్లమంటారా అంకుల్

పాతపేపర్లు:

సైకిల్ చక్రంలో ఆ వెడల్పు పాంటు పడితే నీదే పూచీ బాబూ.

ఇద్దరు_పిల్లల_అమ్మ:

నేను అటువైపు నుంచి చెప్తానమ్మా, అమ్మల వైపు నుంచి. మా పెద్దదానికి 15. పోయిన ఏడాది జుట్టు చెవుల పైదాకా కత్తిరించుకుని వచ్చింది, ముందు నాతో ఒక్క మాట చెప్పలేదు. నేను స్టవ్ దగ్గర ఉన్నా, తిరిగి చూసి "ఇదేం అవతారమే" అన్నా. అంతే అన్నా. అది ఏమీ అనకుండా గదిలోకి వెళ్లి రెండు వారాలు టోపీ తీయలేదు, ఇంట్లో కూడా. నిజానికి దానికి ఆ జుట్టు బాగుంది, నాలుగో రోజుకే నాకు అనిపించింది, చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు. ఆ టోపీ చూసినప్పుడల్లా నా మాటే నాకు వినబడేది.

నీకు నేను చెప్పేది ఏంటంటే, గుమ్మం దగ్గర ఇంట్లోవాళ్లకి సర్‌ప్రైజ్ ఇవ్వకు. బయటికి వెళ్లే హడావిడిలో పెద్దవాళ్ల నోటికి ఏదొస్తే అది అనేస్తారు, దురుద్దేశం ఉండదు, కానీ ఆ మాట రోజంతా నీ వెంట వస్తుంది. ముందురోజు తీరిగ్గా వేసుకుని చూపించు. "ఎలా ఉంది" అని మాత్రం అడగకు, అలా అడిగితే జడ్జిలం అయిపోతాం. "రేపు ఇది వేసుకుని వెళ్తున్నా, పొడవు సరిపోయిందా చూడు" అను. పొడవు చూడమంటే పొడవే చూస్తాం, సూదీ దారం కూడా తెస్తాం.

ఆ ఫ్రెండ్‌కి కూడా ఒకసారి చెప్పు, "కర్టెన్ అన్నావు, అప్పటినుంచి వేసుకోలేకపోయా" అని. తెలిసి ఉండదు ఆ పిల్లకి.

ఇంకొకటి, వేసుకున్న మొదటిరోజే ఫోటో నెట్‌లో పెట్టకు. ముందు మనుషుల్లో తిరుగు. ఎదురుగా నాలుగు కళ్లు చూసేదానికీ, మొహం తెలియనివాళ్లు రాసేదానికీ చాలా తేడా ఉంది, రెండోది మాలాంటి పెద్దవాళ్లకే తట్టుకోవడం కష్టం.

హుడీపిల్ల:

మూడు వారాల తర్వాత వచ్చా, అప్‌డేట్ ఇవ్వకుండా మాయమైపోయానని తిట్టుకోకండి.

ట్యాగ్ కత్తిరించా. రెండు సాయంత్రాలు ఇంట్లో వేసుకున్నా, మెట్లు దిగుతూ నిజంగానే ఒకసారి కాలికింద పడింది, రెయిలింగ్ పట్టుకున్నా. అమ్మకి ఆంటీ చెప్పినట్టే పొడవు చూడమన్నా. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని పిన్నీసులు నోట్లో పెట్టుకుని అంచు మడుస్తూ "నిటారుగా నిలబడు, వంగితే కొలత తప్పుతుంది" అంది. రంగు గురించి ఒక్క మాట లేదు. నిటారుగా నిలబడు అని చిన్నప్పటి నుంచి వంద సార్లు విన్నా, కోపమే వచ్చేది, ఆరోజు రాలేదు.

మొదటిరోజు అంత గొప్పగా ఏమీ లేదు. క్లాసులోకి వెళ్లేముందు తలుపు బయట రెండు నిమిషాలు ఫోన్ చూస్తున్నట్టు నటించా. లోపలికెళ్లగానే ఒకడు "సిగ్నల్ పడింది, పదండి పదండి" అన్నాడు, అంతా నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. ఏదో రివర్స్ కౌంటర్ వేద్దామనుకున్నా, నోట్లోంచి "హా" అని మాత్రమే వచ్చింది. తర్వాత మ్యాథ్స్ క్లాస్, తర్వాత అందరూ మర్చిపోయారు, నేను మాత్రం మధ్యాహ్నం దాకా మర్చిపోలేదు. సైకాలజీ అన్నయ్యో అక్కో తెలీదు, "ఒకరిద్దరు అంటారు" అన్నారు కదా, అన్నది ఒక్కడే, నా లెక్కలో ఒకడు మిగిలాడు అనుకున్నా.

ఫ్రెండ్‌కి కర్టెన్ సంగతి చెప్పా. అది చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నాక్కూడా ఒకటుంది, నల్ల బూట్లు, మోకాళ్లదాకా, ఒక్కసారి కూడా వేసుకోలేదు" అంది. ఎప్పటినుంచే అంటే ఏడాది అంట! నాది మూడు నెలలే.

రెండోసారి మొన్న మంగళవారం వేసుకున్నా, మామూలు రోజు, ఏ స్పెషల్ లేదు. ఎవరూ ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశగా కూడా అనిపించింది హహ. లైబ్రరీలో చిన్న క్లాస్ పాప ఒకతి వచ్చి "అక్కా దీనికి జేబులున్నాయా" అని అడిగింది, ఉన్నాయి అని చెయ్యి మోచేతి దాకా పెట్టి చూపించా, తన కళ్లు చూడాలి.

నిన్న హుడీ వేసుకున్నా. చలిగా ఉంది మరి.

ఇప్పుడు అసలు ప్రాబ్లమ్, అమ్మ వేసిన అంచు కుడికాలి వైపు ఊడిపోతోంది, దారం లాగితే ఇంకా వస్తోంది. కుట్టుమిషన్ అక్కా, నేనే కుట్టుకోవచ్చా? సూది పట్టడం కూడా రాదు నాకు.

కుట్టుమిషన్_అక్క:

ముందు దారం లాగడం ఆపు! ఊడినచోట రెండు పక్కలా పిన్నీసు పెట్టు. ఆ రంగు దారం తెచ్చుకో, సరిగ్గా దొరక్కపోతే ఒక ఛాయ ముదురుది తీసుకో, లేతది వద్దు, కనబడుతుంది. దారం ఒంటిపోగే, మోచెయ్యంత పొడవు చాలు, మరీ పొడుగు తీసుకుంటే చిక్కులు పడుతుంది. పాంటు లోపలివైపు తిప్పుకుని మడత అంచులో సూది గుచ్చి, పైబట్టలో ఒక్క పోగు మాత్రం పట్టి మళ్లీ మడతలోకి దింపు, అలా అర సెంటీమీటరుకొకటి. దారం బిగించి లాగొద్దు, ముడతలొస్తాయి. మొదటిసారి వంకరగానే వస్తుంది, లోపలివైపే కదా. కుట్టాక ఒక ఫోటో పెట్టు, చూస్తా. ఆ ఫ్రెండ్‌ని బూట్లు వేసుకునేముందు ఇంట్లో మందం సాక్సులతో ఓ నాలుగు రోజులు నడవమను, ఏడాది మూలనున్న బూట్లు మడమ కొరికేస్తాయి.